మెంతిగింజంత

రిచ్చీ స్ట్రీట్‌లో మధ్యాహ్నం మూడింటికి
చంద్రుణ్ణి అడిగాను.
"ఎంతలో కావాలి?" అన్నాడు మాసిలామణి.
చీటీ పాడితే వచ్చిన పదకొండు వేలు
పర్సు లోపలి అరలో, జిప్పు కింద.

పేరుకి మచ్చలేని మణి అని అర్థమట, తనే చెప్పాడు,
తెలుగులోనే,
క్రియాపదం దగ్గరికొచ్చేసరికి అరవంలోకి జారిపోయే తెలుగులో.

గాజుబల్ల మీద మూడు లెన్సులు నిలబెట్టాడు.
మూడు వందలది పాతది, చవక, వణుకు ఆపే మర లేదు.
రెండు వందల యాభైది పొట్టిది,
చేతి వణుకుని తనే మింగేస్తుంది.
అయిదు వందలది నల్లటి డబ్బాలా ఉంది, లోపలంతా అద్దాలు.
"అది మొదటిసారి కొనేవాళ్ళకి వద్దు సిస్టర్,
ఫోకస్ దొరికేలోపు చంద్రుడు అస్తమిస్తాడు."

మూడు వందల్లో ఎంత కనబడతాడని అడిగాను.
చిటికెనవేలి గోరు చూపించి అందులో సగం మూసేశాడు.
"లోపల పడే బొమ్మ మెంతిగింజంత. పొట్టిదాంట్లో ఇంకాస్త చిన్న గింజ.
మిగతాదంతా చీకటి.
చీకటికి కూడా మీరే డబ్బులిస్తున్నారు."

సముద్రం ఉన్న ఊళ్ళో పాత లెన్సు కొంటే
బూజు చూసుకోవాలి.
ఫోను టార్చి వెనకనుంచి వేసి కంటికి ఆనించుకున్నాను.
పొడుగుదాంట్లో సాలెపోగులు, అంచు నుంచి మధ్యకి.
పొట్టిది శుభ్రం, ఒక్క నలుసు తప్ప.
"బాగా చూస్తున్నారే" అన్నాడు.
పందొమ్మిదేళ్ళుగా ఇదే పని, అయనావరం ఆసుపత్రిలో,
సీసపు ఆప్రాన్ కట్టుకుని,
అని నోరు జారాను.

కౌంటరు కిందనుంచి బ్రౌన్ కవరు తీశాడు.
రెండు నెలల కిందటి తారీఖు.
"డాక్టరుకి ఇంకా చూపించలేదు. మీరు చూసి చెప్పండి."
ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టాను.
పక్కటెముకల మెట్ల మీద, కుడివైపు, పైన,
గుండ్రంగా, తెల్లగా,
మెంతిగింజంత.

తీయడం వరకే నా ఉద్యోగం. చదవడం కాదు.
తెల్లగా ఉన్నదంతా చెడ్డది కాదు,
ఏనాటి దగ్గో మానిపోయి
గట్టిపడి అలా ఉండిపోయి ఉండొచ్చు.
ఇదీ చెప్పకూడదు. చెప్పలేదు.
"రేపే వెళ్ళండి" అన్నాను.
అడక్కుండానే అయిదు వందలు తగ్గించాడు.
పొట్టిదే తీసుకున్నాను.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి కేక:
"పౌర్ణమికి తీయకండి, సున్నం కొట్టిన గోడలా ఉంటాడు.
అష్టమికి తీయండి. నీడ పడితేనే గుంట తెలుస్తుంది."

ఆరు రోజులాగాను.

ట్రైపాడ్‌కి డబ్బుల్లేవు.
పెరంబూర్‌లో మా మేడ, పిట్టగోడ,
గోడ మీద రెండు కిలోల ఇడ్లీబియ్యం సంచి,
సంచిలో గుంట చేసి అందులో లెన్సు.
డిష్ యాంటెన్నాల పైన సగం చంద్రుడు.

మొదటి మూడింట్లో తెల్లటి బొట్టు, అంతే.
చీకట్లో ఉన్నాడు కదా పాపం అని
వెలుతురు ఎక్కువిచ్చాను.
ఆయనున్నది మిట్టమధ్యాహ్నపు ఎండలో.
సెకనులో నూటపాతికో వంతుకి తగ్గించాను.
కింద గూడ్సు పోతోంది, గోడ సన్నగా అదురుతోంది.
రోజుకి అరవైమందికి చెప్పే మాట
నోటికదే వచ్చింది:
మూచ్చు ఇళుత్తు పిడింగ.
ఊపిరి బిగపట్టండి. కదలకండి.

క్లిక్.

ఇంక వదలొచ్చని ఎవరూ చెప్పలేదు.

తెర మీద పెద్దది చేసి చూస్తే
వెలుగు తెగిపోయే చోట
జామకాయ కొరికినట్టు పంటిగాట్లు.
మాసిలామణికి పంపాను.
పదకొండున్నరకి జవాబు:
"బాగుంది. ఎడమ అంచు కొంచెం మెత్తబడింది.
లెన్సు తప్పు కాదు, గోడ తప్పు."

డాక్టరు ఏమన్నారని అడిగాను.
రెండు నీలం టిక్కులు.
చాలాసేపు అవే.

బియ్యం సంచి కిందికి తెచ్చాను, పొద్దున్నే నానబొయ్యాలి.
లెన్సు చేసిన గుంట
ఇంకా అలాగే ఉంది.